తాళం ఒకరిది, నింద ఒకరికి

పంచాయతీలకు పన్ను వసూలు చేసుకునే చేవ లేదనీ, అందుకే అవి ప్రభుత్వాల చేతికేసి చూస్తున్నాయనీ ఒక వాదం చెలామణి అవుతున్నది. మన అధ్యాపకులలో కొందరు సైతం దీన్ని వల్లిస్తున్నారు గనుక దాని గుట్టు విప్పక తప్పదు.

రిజర్వు బ్యాంకు 2024 జనవరి నివేదిక ప్రకారం 2022-23లో పంచాయతీల రాబడిలో సొంత పన్నుల వాటా ఒక్క శాతం. 80 శాతం కేంద్ర గ్రాంట్లు, 15 శాతం రాష్ట్ర గ్రాంట్లు. ఈ అంకెలు అసమర్థతకు సాక్ష్యమా? ఇంటి పన్నువంటి చిల్లర రాబడిని పల్లెకు వదలి, రిజిస్ట్రేషన్ల సుంకాన్నీ ఖనిజాల రుసుమునూ ఖజానాకు చేర్చుకున్నది ఎవరు? అందులో పల్లె వాటా కూడా ఖజానా దయతలచినప్పుడే కదా దిగివచ్చేది!

1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ 29 అంశాలను పేర్కొన్నది. కాని అధికారాలను శాసనసభలు 'ఇవ్వవలెను' అనలేదు, 'ఇవ్వవచ్చును' అన్నది. ఆ ఒక్క క్రియాపదం చాటున పాలకవర్గాలు మూడు దశాబ్దాలు దాటవేశాయి.

ఇచ్చినదైనా నిలిచిందా? 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిలకు జమకట్టుకున్నారని సర్పంచులు వీధికెక్కారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదలు 2025 డిసెంబరు దాకా ఎన్నికైన పంచాయతీలే లేవు, ప్రత్యేకాధికారులు ఏలారు. ఎన్నికైన సంఘం లేనిచోటికి కేంద్ర గ్రాంటు రాదన్నది నిబంధన. ఎన్నిక జరపనిది ప్రభుత్వం. శిక్ష మురుగుకాలువ పక్కన బతికే కూలివాడికి!

పల్లెలో దొంగబిల్లులు లేవా? ఉన్నాయి. పెత్తందారు ఇంటి ముందుకే సిమెంటు రోడ్డు పోవటం కొత్త కాదు. కాని దానికి విరుగుడు పెట్టెను రాజధానికి మోసుకుపోవటం కాదు. పెత్తందారు పలుకుబడి ఊరికంటె రాజధానిలోనే ఎక్కువ చెల్లుతుంది. దొంగబిల్లును పట్టగలిగేది ఆ రోడ్డు ఎక్కడ పడలేదో ఎరిగిన మనిషి. ఆ మనిషి గ్రామసభలో నిలబడి పద్దు చదవమని అడగాలి.

జమాఖర్చులు గుమాస్తా పని అని మనలో చాలామందికి చిన్నచూపు. వర్గపోరాటం గురించి ఉపన్యసించే విద్యార్థి తన ఊరి వార్షిక పద్దును ఎన్నడైనా చూశాడా? ఎవరి వీధికి దీపం, ఎవరి వాడకు చీకటి అన్న సంగతి ఆ కాగితంలోనే రాసి ఉంది. దాన్ని పైకి చదివి వినిపించటం చదువుకున్నవాడి కనీస కర్తవ్యం. తాళంచెవి ఊరి చేతికి రావాలన్న పోరాటం అక్కడినుంచే మొదలవుతుంది.