చలానా బండి మీదే, మరి లైసెన్స్ సంగతి?

"డిస్కౌంట్ మళ్ళీ ఎప్పుడిస్తారు భాయ్?" చలానాల మాట ఎక్కడ ఎత్తినా ముందు వచ్చే ప్రశ్న ఇదే. అడగడంలో తప్పు లేదు. 2022 మార్చిలో తెలంగాణలో టూ వీలర్ల పెండింగ్ చలానాల మీద 75 శాతం మాఫీ ఇచ్చారు. 2023 డిసెంబర్ చివర్లో మళ్ళీ ఆఫర్ వచ్చింది, ఈసారి 80 శాతం. గడువులు కూడా పొడిగించారు. వెంటనే కట్టినవాడు వెయ్యి కడితే, ఆగినవాడు 200తో బయటపడ్డాడు. ఇది చూశాక ఏ ఇంట్లో అయినా ఒకటే ఆలోచన: ఆగుదాం.

డబ్బు వరకు ఆ ఆలోచన గెలిచింది, ఒప్పుకోవాలి. కానీ ట్రాఫిక్ తప్పులకి రెండు ఖాతాలు ఉంటాయి. ఒకటి బండిది, ఇంకోటి నడిపే మనిషిది. మాఫీ వచ్చినప్పుడల్లా తగ్గింది మొదటి ఖాతాలో బాకీ మాత్రమే.

బండి ఖాతా మనందరికీ తెలిసిందే. కెమెరా నంబర్ ప్లేట్‌ని ఫోటో తీస్తుంది, చలానా ఆర్సీలో పేరున్న వాళ్ళకి వెళ్తుంది. నడిపింది ఎవరు అని ఎవరూ అడగరు. మన ఇళ్ళలో చూడండి, బండి అబ్బా పేరు మీద ఉంటుంది, అబ్బా జెద్దాలో ఉంటారు. నడిపేది ఇద్దరు కొడుకులు, అప్పుడప్పుడు మామూ వాళ్ళ అబ్బాయి. ఆర్సీకి ఇచ్చిన ఫోన్ నంబర్ ఎప్పుడో మూగబోయింది. చలానాలు ఇరవై అయినా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఏ నాకాబందీలోనో పోలీసు మెషీన్‌లో నంబర్ కొట్టి చూస్తేనే బయటపడుతుంది.

రెండో ఖాతా గురించి మనం మాట్లాడుకోం. కారణం ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి జరిమానాలు భారీగా పెంచినప్పుడు తెలంగాణ ఆ రేట్లు అమలు చేయలేదు. దాంతో కొత్త చట్టమే మనకి రాలేదని చాలామంది అనుకుంటున్నారు. అది పొరపాటు. అక్కడికక్కడే కట్టించుకునే మొత్తం ఎంత అనేది రాష్ట్రం నిర్ణయిస్తుంది. లైసెన్స్ సంగతి మాత్రం కేంద్ర చట్టంలోనే ఉంది.

ఆ చట్టం 206 సెక్షన్ ప్రకారం అతివేగం, ప్రమాదకరమైన డ్రైవింగ్, తాగి నడపడం, రేసింగ్, ట్రిపుల్ రైడింగ్, హెల్మెట్ లేకపోవడం లాంటి తప్పులకి పోలీసు అధికారి లైసెన్స్ తీసుకుని రవాణా శాఖకి పంపాలి. రెడ్ సిగ్నల్ దాటడం, ఫోన్ చేతిలో పట్టుకుని నడపడం, రాంగ్ సైడ్ రావడం కూడా ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందకే రావచ్చు. ఆ తర్వాత 19 సెక్షన్ పనిచేస్తుంది. మొదటిసారి అయితే మూడు నెలలు అనర్హత, రెండోసారి అయితే లైసెన్స్ రద్దు. గడువు అయ్యాక కూడా రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తి చేస్తేనే కార్డు చేతికి వస్తుంది. అయితే నిర్ణయం తీసుకునేది పోలీసు కాదు, రవాణా శాఖ. అది కూడా మన వాదన వినే అవకాశం ఇచ్చాకే. అందుకే ఆర్టీఏ నుంచి నోటీసు వస్తే పక్కన పడేయకండి, వెళ్ళి మాట్లాడండి.

నిజమే, కెమెరా చలానా లైసెన్స్ దాకా రావడం ఇప్పుడు అరుదు. 2017 ఆగస్టులో హైదరాబాద్‌లో పెనాల్టీ పాయింట్లు మొదలుపెట్టారు. 24 నెలల్లో 12 పాయింట్లు పడితే ఏడాది సస్పెన్షన్ అన్నారు. ఆ ఊపు నిలవలేదు. కానీ బండి వివరాలు, లైసెన్స్ వివరాలు రెండూ ఇప్పుడు కంప్యూటర్లలోనే ఉన్నాయి. ఆ రెంటినీ కలిపి చూడటం కష్టమేం కాదు.

అలా చూసే దేశాలు మన వాళ్ళకి బాగా తెలుసు. గల్ఫ్‌లో హౌస్ డ్రైవర్‌గా చేసిన చాచా ఎవరైనా ఉంటే అడగండి. యూఏఈలో రెడ్ సిగ్నల్ దాటితే 1000 దిర్హాముల ఫైన్‌తో పాటు 12 బ్లాక్ పాయింట్లు. ఏడాదిలో 24 అయితే లైసెన్స్ మొదటిసారి మూడు నెలలు పోతుంది. సౌదీ కూడా 2024 ఏప్రిల్‌లో పాత ఫైన్లకి 50 శాతం తగ్గింపు ఇచ్చింది, కానీ ఫైన్ బాకీ ఉన్నవాళ్ళకి అక్కడ ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా దొరకదు. చెల్లెలి నికాహ్‌కి రావాలన్నా ముందు అది కట్టాలి. అక్కడ ఇంత జాగ్రత్తగా నడిపే మనిషే, సెలవు మీద ఇంటికొచ్చిన మర్నాడు హెల్మెట్ లేకుండా టోలీచౌకి దాటుతాడు!

క్యాబ్, ఆటో, డెలివరీ మీద బతికే ఇంటికి మూడు నెలల సస్పెన్షన్ అంటే మూడు నెలల కిరాయి, పిల్లల ఫీజు. "ఎవరు చూస్తారులే" అని అప్పుడు నడిపితే 10,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆ సమయంలో యాక్సిడెంట్ అయితే ఇంకా పెద్ద దెబ్బ. సరైన లైసెన్స్ లేనివాడికి తెలిసీ బండి ఇచ్చినట్టు తేలితే, ఇన్సూరెన్స్ కంపెనీ బాధితుడికి పరిహారం కట్టి, దాన్ని ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో వేసిన దారి అది. అంటే జెద్దాలో ఉన్న అబ్బా కట్టాలి.

ఇంకో సంగతి అమ్మీలకి చెప్పాలి. జాగ్నే కీ రాత్ వస్తే హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు మూసేస్తారు. ఎందుకో మనకి తెలుసు, ఇబాదత్ రాత్రి మన పిల్లలు కొందరు బైక్ రేసులు పెడతారు కాబట్టి. వాళ్ళలో 18 నిండని వాడు పట్టుబడితే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకి లేదా బండి ఓనర్‌కి మూడేళ్ళ వరకు జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ అబ్బాయికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. పదహారేళ్ళ వాడికి అది తొమ్మిదేళ్ళ దెబ్బ. గల్ఫ్ డ్రైవర్ వీసా ఆశ ఉంటే అది కూడా అంతే.

చివరగా, అమ్మేసిన బండ్లు. తెల్లకాగితం మీద సంతకం పెట్టి గల్లీలో భాయ్‌కి ఇచ్చేయడం మనకి అలవాటు. ఆర్సీ మారనంత కాలం చలానాలు పాత ఓనర్‌కే వస్తాయి. యాక్సిడెంట్ పరిహారం విషయంలో కూడా ఆర్సీలో పేరున్నవాడే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి, ఫారం 29. ఈ వారం ఇంట్లో ఉన్న బండి నంబర్‌తో పాటు, అమ్మేసిన బండి నంబర్ కూడా చలానా సైట్‌లో ఒకసారి కొట్టి చూడండి.