సీటు చేతికొచ్చింది, గ్లోవు బడికి పోయింది

ఇంటర్ పరీక్షలు సాధారణంగా మార్చిలో ముగుస్తాయి. కౌన్సెలింగ్ పూర్తయి, ఇంజనీరింగ్ కళాశాలలో మొదటి గంట కొట్టేసరికి ఆగస్టు వస్తుంది. ఈ అయిదు నెలల్లో పల్లెటూరి క్రీడాకారిణి ఏం చేస్తున్నదో ఎవరూ పట్టించుకోరు. ఇంట్లోవారు సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. బడివారి లెక్కలో ఆమె చదువు ముగించి వెళ్లిపోయిన పిల్ల. కళాశాలవారి లెక్కలో ఇంకా ఒక దరఖాస్తు మాత్రమే. ఆమె ఆట ఎవరి పద్దులోనూ లేదు.

నిజామాబాదు జిల్లాలో సాఫ్ట్‌బాల్ ఎరిగిన ఊళ్లున్నాయి. గురుకులాల్లో చదువుతూ ఈ ఆట నేర్చి పెద్ద పోటీల దాకా వెళ్లిన ఆడపిల్లలున్నారు. వారిలో కొందరికి ఆట పుణ్యమా అని హైదరాబాదులో చదివే అవకాశం వస్తున్నది. ఇంజనీరింగ్ ప్రవేశాల్లో క్రీడాకారుల కోటా నూటికి అర, అంటే 200 సీట్లకు ఒకటి. ఇది కాక, తమ జట్టుకు ఆడతామని మాట ఇచ్చిన పిల్లలకు ఫీజు తగ్గించే ప్రైవేటు కళాశాలలు కూడా కొన్ని ఉన్నాయి. ఏ దారిన వచ్చినా, ఆ సీటు ఆటను చూసి ఇచ్చినదే.

కబురు అందిన రోజు నుంచి ఇంట్లో గాలి మారుతుంది. చుట్టాలింటికి తిప్పుతారు, విందులు పెడతారు. తెల్లవారుజామున లేచి బూట్లు తొడుక్కునే పిల్లను చూసి, "ఇంకెందుకు బిడ్డా ఆ ఉరుకుడు, సీటొచ్చింది గదా, ఎండకు నల్లగైతవ్" అంటారు. ప్రేమతో అనే మాటే. ఆ ప్రేమే అయిదు నెలల్లో ఆరేళ్ల కష్టాన్ని కరగదీస్తుంది.

తండ్రుల ఆలోచన కూడా అర్థం చేసుకోదగినదే. హైటెక్ సిటీ పేరు వినని పల్లె ఈనాడు లేదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా, అక్కడి నుంచి నానక్‌రామ్‌గూడ దాకా లేచిన అద్దాల మేడల్లో మన ఊళ్ల పిల్లలు ఎందరో ఉద్యోగాలు చేస్తున్నారు. ఎకరం అమ్మి చదివించిన కొడుకు అక్కడి జీతంతో రెండెకరాలు కొన్న ఉదాహరణలు కళ్లముందే ఉన్నాయి. కనుక ఆట నిచ్చెన మాత్రమే, మేడ ఎక్కాక నిచ్చెనతో పనేమిటి అని వారి లెక్క. సాఫ్ట్‌బాల్‌లో క్రికెట్ డబ్బు లేదు. భారత జట్టు ఇంతవరకు ఒలింపిక్స్‌లో ఈ ఆట ఆడలేదు కూడా. ఇవన్నీ నిజాలే. ఆట చాలించి చదువు మీదనే కూర్చుంటానని పిల్ల ముందే చెబితే తప్పు పట్టవలసింది లేదు. ఆడతానని మాట ఇచ్చి, రాయితీ పుచ్చుకుని, బరువెక్కిన ఒంటితో మైదానానికి రావడం మాత్రం వేరే సంగతి. 200 మందిలో ఆ ఒక్క సీటు కోసం చూసి వెనుదిరిగిన మరో పల్లె పిల్ల ఎక్కడో ఉంటుంది కదా.

ఎంపిక కావడానికీ నిలవడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో తెలియాలంటే ఈ జిల్లా బిడ్డ నిఖత్ జరీన్‌నే చూడవచ్చు. ఆమె 2011లో టర్కీలో జరిగిన పోటీల్లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. పెద్దల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది 2022లో. నడుమ పదకొండేళ్లు. అందులో 2017లో భుజానికి గాయమై చాలాకాలం బరికి దూరంగా ఉండవలసి వచ్చింది. జూనియర్ పతకం తెచ్చిన నాడు పూలదండలు వేసినవారిలో ఆ నడిమి ఏళ్లలో పలకరించినవారు ఎందరుంటారు? 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచేసరికి దండలు తిరిగి వచ్చాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాలేదు, దండలు మళ్లీ తగ్గాయి. దండలను బట్టి సాధన చేసేవారైతే ఆమె 2012లోనే ఆగిపోయేది.

ఇక పిల్లలను పంపుతున్న ఆ గచ్చిబౌలి సంగతి. అక్కడ ఉన్నవి కంప్యూటర్ కంపెనీలు మాత్రమేనని ఊళ్లో చాలామంది అనుకుంటారు. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన స్టేడియం అక్కడే ఉంది. ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ బాడ్మింటన్ అకాడమీ అక్కడే ఉంది. ఈ గోపీచంద్ కథ ఇంజనీరింగ్ సీటు కోసం తపించే ప్రతి తండ్రీ వినదగినది. అన్నకు ఐ.ఐ.టి.లో సీటు వచ్చింది, తమ్ముడు ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష తప్పాడు. ఆ తప్పడం తన అదృష్టమని ఆయనే చెబుతుంటారు. 1994లో మోకాలి నరం తెగి, శస్త్రచికిత్సలు జరిగి, ఇక ఆడలేడనుకున్న మనిషి 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఆ తర్వాత ప్రభుత్వం ఇచ్చిన 5 ఎకరాల్లో, సొంత ఇల్లు తాకట్టు పెట్టి, దాతల సాయం తీసుకుని 2008లో అకాడమీ తెరిచాడు.

పి.వి. సింధు చిన్ననాట మారేడుపల్లి నుంచి ఈ అకాడమీకి వచ్చేది. రానూపోనూ రోజుకు 50 కిలోమీటర్ల పైమాట. సాధన తెల్లవారుజామున 4.30 ప్రాంతంలో మొదలయ్యేది. ఆ వేళకు కోర్టు మీద ఉండాలంటే ఎన్నింటికి లేవాలో, ఏ వేళకు పడుకోవాలో లెక్కకట్టుకోవచ్చు. అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆటగాళ్లు గనుక ఆ వేళకు పిల్లను లేపి తీసుకువెళ్లడం ఆ ఇంట వింత కాలేదు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు ఆమె సెల్‌ఫోన్ గురువు దగ్గరే ఉండిపోయింది, ఐస్‌క్రీం కూడా మాన్పించారు. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు, రెండు ప్రపంచ ఛాంపియన్‌షిప్ పతకాలు చేతిలో ఉన్నాయి. ఒలింపిక్స్‌కు ఎంపిక కూడా అయిపోయింది. ఎంపికయ్యాక కదా ఫోన్ తీసుకున్నది. మన ఇళ్లలో జరిగేది సరిగ్గా తలకిందులు, సీటు రాగానే కొత్త ఫోన్ కొనిస్తాం.

సింధు పట్నం పిల్ల, ఆటగాళ్ల ఇంటి పిల్ల అనేవారికి దీప్తి జీవాంజి ఉంది. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి చేసుకునే ఇంట పుట్టిన ఆమెను ఎదుగుదల లోపం చూసి ఊరు ఎగతాళి చేసింది. శిక్షకుడు నాగపురి రమేష్ ఆమెను హైదరాబాదు తీసుకువచ్చి శిక్షణ ఇచ్చారు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది.

అమెరికాలో కళాశాల సాఫ్ట్‌బాల్‌కు పేరెక్కువ. అక్కడి అమ్మాయిలు బడిలో ఉండగానే ఫలానా కళాశాలకు ఆడతామని మాట ఇస్తారు. మాట ఇచ్చాక సడలిపోతారన్న బెంగ అక్కడి గురువులకూ ఉంది. ఆ బెంగతోనే చేరబోయే పిల్లకు వేసవి సాధన పట్టిక ముందుగానే పంపుతుంటారు. కాగితం మీద రెండు పేజీలు, ఖర్చు లేని పని. ఇక్కడి కళాశాలలు ఫీజు రసీదు పంపినంత శ్రద్ధగా ఆ రెండు పేజీలూ పంపలేవా?

పట్టిక రాకపోయినా చేయదగినది చాలా ఉంది. పేరులో సాఫ్ట్ ఉన్నా ఈ బంతి మెత్తనిది కాదు. చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు సుమారు 180 నుంచి 200 గ్రాములు. మహిళల ఆటలో బంతి వేసే చోటు నుంచి బ్యాట్ పట్టే చోటికి దూరం 43 అడుగులు, అంటే 14 గజాల మీద ఒక అడుగు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో బంతి వస్తే ఆ దూరం దాటడానికి అర సెకను కూడా పట్టదు. చూపు, చేయి కలిసి పనిచేసే ఆ అలవాటు వాడకపోతే ఒంటి బలం కన్నా ముందే మొద్దుబారుతుంది. కల్లం గోడకు మోకాలి ఎత్తు నుంచి ఛాతీ ఎత్తు దాకా సున్నంతో ఒక పెట్టె గీసి, 43 అడుగులు కొలిచి, వారానికి మూడు నాలుగు రోజులు బంతి వేస్తే చాలు. మొదటి వారం 30 బంతులు, తర్వాత కొద్దికొద్దిగా పెంచాలి. ఒకేరోజు 100 వేస్తే భుజం పట్టేస్తుంది. బేస్‌కూ బేస్‌కూ మధ్య 60 అడుగులు, సరిగ్గా 20 గజాలు. పొలం గట్టు మీద కాక చదునైన నేల మీద ఆ 20 గజాలను పది పన్నెండు సార్లు వేగంగా ఉరకాలి. చెల్లెలో తమ్ముడో బంతి అందిస్తే బ్యాట్ సాధన కూడా అవుతుంది. అయితే హెల్మెట్ లేకుండా చిన్నపిల్లలను ఎదుట నిలబెట్టరాదు. రెండు మూడు వారాలు పూర్తిగా మానేస్తే దమ్ము తగ్గడం మొదలవుతుంది. కండబలం కొంత నిదానంగా పోతుంది. అందుకే ఏమీ కుదరని రోజున కనీసం పరుగు మానకూడదు.

జూన్, జూలైలలో నాట్లు వస్తాయి. ఇంట ఆడపిల్ల మడిలోకి దిగక తప్పదు. నాటు వేసే పిల్లకు నడుము బలం వేరే నేర్పనక్కరలేదు గాని, రోజంతా వంగిన నడుముతో సాయంత్రం బంతి విసరడం తగదు. ఆ రోజు ఒళ్లు సాగదీసుకుని పడుకోవడమే సాధన.

తిండి విషయంలో విందుల కన్నా ఇంటి వంటే మేలు. జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, పల్లీలు, ఆకుకూర చాలు. పట్నం దుకాణాల్లో అమ్మే కండపొడుల జోలికి పోనక్కరలేదు. అసలు చూడవలసింది రక్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైన పిల్ల నాలుగు ఉరుకులకే ఆయాసపడితే బద్ధకమని తిడతారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించి, డాక్టరు చెప్పినట్టు ఇనుము మాత్రలు వాడితే ఆ తిట్లు తప్పుతాయి.

కళాశాలలో చేరిన తర్వాతి మొదటి రెండు నెలలు మరో గండం. హాస్టల్ తిండి పడదు, ఇంగ్లీషు పాఠం అందదు, మైదానం చూస్తే బస్సు దూరం. జట్టు ఎంపికలు సరిగ్గా అప్పుడే పెడతారు. వేసవి అంతా పడుకుని వచ్చిన పిల్ల తొలి రోజే వెనుకబడి, బెంచీ మీద కూర్చుని, సిగ్గుపడి, నెల తిరగకుండా రావడం మానేస్తుంది. ఇంటికి ఫోన్ చేసి చెప్పదు. తల్లిదండ్రులు మార్కుల సంగతే కాకుండా "బంతి ఎట్ల పడుతున్నది" అని కూడా అడుగుతుంటే, మానేసినా నెలలో తెలిసిపోతుంది.

వీటన్నిటికన్నా ముందు తీరవలసిన చిక్కు ఒకటుంది, అది గ్లోవు. బ్యాట్, బంతులు, గ్లోవులు బడి ఆస్తి. ఇంటర్ ముగిసి హాస్టల్ ఖాళీ చేసే రోజున వాటిని అప్పగించి, రిజిస్టరులో సంతకం పెట్టి రావాలి. ఎడమ చేతికి ఏళ్ల తరబడి అలవాటైన తోలు ఆ రోజుతో పోతుంది. కొత్తది కొనడం కూలి ఇంటికి అయ్యే పని కాదు. ఉత్త చేత్తో పట్టబోతే వేళ్లు విరుగుతాయి. అందువల్ల, మనసున్న పిల్లకు కూడా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఆట ఆగిపోతున్నది. ఇందులో సోమరితనం ఎంత, సామాను లేకపోవడం ఎంత అని ఎవరైనా విడదీసి చూశారా?

ఎండాకాలం సెలవుల్లో ఆ గ్లోవులు బీరువాలో ఊరికే పడి ఉంటాయి. సీటు వచ్చిన పిల్ల పేరిట ఒక గ్లోవు, రెండు బంతులు రాసి, పూచీకత్తుగా తండ్రి సంతకమో సర్పంచి సంతకమో తీసుకుని, కళాశాలలో చేరిన రోజున తిరిగి తెప్పించుకునే ఏర్పాటు చేయడానికి ప్రిన్సిపాల్, వ్యాయామోపాధ్యాయుడు కూర్చుని మాట్లాడుకుంటే సరిపోతుంది. వచ్చే మార్చిలో పరీక్షలు ముగిసి పిల్లలు పెట్టెలు సర్దుకునేలోగా ఆ మాట కావాలి.