కొండ తొలగనప్పుడు

గడచిన సంవత్సరము వర్షకాలమున నొక సాయంకాలము, బడి విడిచిన తరువాత తొమ్మిదవ తరగతి బాలుడొకడు నాయొద్దకు వచ్చి నిలిచెను. అతని తండ్రి మరణించి యప్పటికి పదునైదు దినములైనది. “అయ్యగారూ, మా యింటిలో నందరము మోకరించి ప్రార్థించితిమి. అయినను మా నాన్న బ్రతుకలేదు. ఇక దేవుని నమ్ముట యెట్లండి?” అని యడిగెను. ఇరువది సంవత్సరములుగా పాఠములు చెప్పుచున్న నాకు నోట మాట రాలేదు. శిక్షణ కళాశాలలో బోధనారీతులను నేర్చితిని గాని యిట్టి ప్రశ్నకు ప్రత్యుత్తరమును నేర్వలేదు. నాడు చెప్పజాలని దానిని నేడీ పత్రికలో చెప్ప యత్నించెదను.

అడిగినది దొరకుననెడి నిశ్చయమే నమ్మిక యని మనలో ననేకులు తలంతురు. దొరకినచో దేవుడు మంచివాడు, దొరకనిచో కాడు అనుట సంతలో బేరమాడువాని లెక్క. గెత్సేమనే తోటలో మన ప్రభువు తన శ్రమపాత్ర తొలగవలెనని వేడుకొనెను, అది తొలగలేదు. అయినను ఆయన తోట విడిచి పారిపోలేదు. ఫలితము తెలియకపోయినను దేవుని చేయి విడువక, మనకప్పగింపబడిన పనిలో నిలిచియుండుటయే నమ్మిక యని నా యభిప్రాయము.

ఇందుకు దృష్టాంతము మన తెలుగునాటనే కలదు. నెల్లూరిలో అమెరికను బాప్తిస్టు మిషను పని 1840లో ప్రారంభమయ్యెను. విశ్వాసులు మిక్కిలి కొద్దిమందియే యైనందున, 1853లో ఆ పనిని మూసివేయుదమా యని అమెరికాలోని పెద్దలు చర్చించిరి. అట్టి దినములలో, 1854 జనవరి 1వ తేదీ వేకువను, జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులోని కొండ యెక్కి, ఆ ప్రాంతమునకొక సేవకుని పంపుమని ప్రార్థించిరి. ఆ సంవత్సరము ఎవరును రాలేదు. మరుసటి సంవత్సరమును రాలేదు. జ్యూయెట్ దొరగారు ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోయియు, 1865లో క్లౌ దొరగారితో గూడ మరలి వచ్చిరి. క్లౌ దొరగారు ఒంగోలు చేరునప్పటికి 1866వ సంవత్సరమైనది. పండ్రెండేండ్లు! ఒక్క మాసము ప్రార్థించి విసుగుకొను మనకు ఆ కాలమెంత దీర్ఘము!

పిమ్మట 1876 మొదలు 1878 వరకు ఘోరక్షామము సంభవించెను. చెన్నరాజధానిలో లక్షలకొలది జనులు ఆకలిచేతను వ్యాధులచేతను మృతినొందిరి. ఎందరో ప్రార్థించిరి; క్షామము వెంటనే తీరలేదు. యౌవనమున భూమికొలత పని నెరిగిన క్లౌ దొరగారు, బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ల భాగమును గుత్తకు దీసికొని, వేలమందికి కూలి కల్పించిరి. అంతియే గాక, కూటికొరకు మతములో జేరిరను మాట రాకుండుటకై, ఏడాదికి పైగా ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. తరువాత 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము తరచుగా చెప్పుకొందుము. నాకు మాత్రము అంతకుముందు పారయు తట్టయు పట్టిన దినములే నమ్మికను ఎక్కువగా బోధించుచున్నవి.

“అట్లయిన పనియే చాలును గదా, ప్రార్థన యేల?” అని కొందరడుగవచ్చును. ఫలము కనబడునంతవరకు ఎవరైనను పని చేయుదురు. ఏమియు కనబడని పండ్రెండేండ్లు మనుష్యుని నిలువబెట్టునది వేరొకటి కావలెను. అది ప్రార్థనవలననే కలుగునని నేను నమ్ముచున్నాను. అటులే, పని లేని ప్రార్థనను నేను మెచ్చను. తలిదండ్రులారా, జ్వరముతో నున్న బిడ్డను వైద్యునియొద్దకు గొనిపోక ప్రార్థనయే చాలుననుట నమ్మిక గాదు. విద్యార్థులారా, పుస్తకము ముట్టక పరీక్షనాడు మోకరించుటయు నమ్మిక గాదు. చదివియు తప్పినవారు మాత్రము దేవుడు తమ్మును విడిచెనని యెంచి క్రుంగవలదు. మరల పుస్తకము తెరువవలెను. అంత కష్టమైనప్పుడు మాయొద్దకు రండు. మీ ప్రశ్నను మేము తప్పుపట్టము.

ఆ బాలుడిప్పుడు పదవ తరగతిలో నున్నాడు. వేకువను తల్లికి తోడుగా ఇంటింట పాలు పోసి బడికి వచ్చుచున్నాడు. అతని తండ్రి యేల బ్రతుకలేదో నేనిప్పటికిని ఎరుగను, ఎరిగినట్లు నటింపను. ఉదయకాల ప్రార్థనలో అతడు పాడుటలేదని గమనించితిని. అయినను దినదినము వచ్చి తన పంక్తిలో నిలుచుచున్నాడు. అదియు నమ్మికయే యని అతనితో చెప్పవలెనని యున్నది. ఈ వ్యాసమును అతడు చదువునని తలంచుచున్నాను.