జూకన్ గుహల నుంచి ముడుమాల్ రాళ్ల దాకా: వారసత్వం మీద మాట ఎవరిది?

2020 మే 24న పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో, జూకన్ లోయలో ఉన్న రెండు రాతి గుహలను రియో టింటో కంపెనీ పేల్చేసింది. ఇనుప ఖనిజం కోసం. ఆ గుహల్లో ఒకదానిలో 46 వేల ఏళ్ల కిందటే మనుషులు నివసించిన ఆనవాళ్లున్నాయి. 2014లో జరిపిన తవ్వకాల్లో సుమారు 7 వేల వస్తువులు బయటపడ్డాయి. వాటిలో మనిషి వెంట్రుకలతో అల్లిన పట్టీ ముక్క ఒకటి, వయసు 4 వేల ఏళ్లు. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే, అది ఆ నేలకు ఇప్పటికీ హక్కుదారులైన పుటు కుంటి కుర్రమ, పినికుర ప్రజల పూర్వీకులదేనని తేలింది. ఇది మా తాతముత్తాతల చోటు అని ఇంతకంటే సూటిగా రుజువు చూపగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఆ పేలుడులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. అసలు సమస్య అక్కడే ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రానికి 1972 నాటి ఆదిమవాసుల వారసత్వ చట్టం ఒకటుంది. పేరుకు రక్షణ చట్టం. దాని 18వ సెక్షన్ కింద భూమి వాడుకునేవాడు దరఖాస్తు పెట్టుకుంటే, మంత్రి సంతకంతో ఆ వారసత్వ స్థలాన్నే ధ్వంసం చేసుకోవచ్చు. రియో టింటోకు ఆ అనుమతి 2013లో వచ్చింది. ఇంత విలువైన వస్తువులు బయటపడింది ఆ మరుసటి ఏడు. కొత్త ఆధారం దొరికింది కాబట్టి పాత అనుమతిని మళ్లీ చూడండి అని అడగడానికి చట్టంలో దారి లేదు. మంత్రి నిర్ణయం నచ్చకపోతే కంపెనీ అప్పీలుకు వెళ్లొచ్చు, ఆదిమవాసులు వెళ్లకూడదు.

మరి భాగస్వామ్యం లేదా అంటే, కాగితాల మీద నిండుగా ఉంది. 2011లోనే కంపెనీకీ ఆ ప్రజలకూ ఒప్పందం కుదిరింది. సంప్రదింపుల కమిటీలు, పరిహారం, పురావస్తు సర్వేలు అన్నీ ఉన్నాయి. కంపెనీ పనుల మీద బయట అభ్యంతరం చెప్పకూడదనే షరతు కూడా ఉంది. తర్వాత పార్లమెంటు కమిటీ విచారణలో ఒక సంగతి బయటికొచ్చింది. గని విస్తరణకు కంపెనీ దగ్గర నాలుగు ప్లాన్లు ఉండేవి. వాటిలో మూడు గుహల జోలికి వెళ్లవు. నాలుగోదాన్ని ఎంచుకుంటే అదనంగా 80 లక్షల టన్నుల ఖనిజం, దాని విలువ సుమారు 13.5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. మిగతా మూడు ప్లాన్ల సంగతి హక్కుదారులకు చెప్పనేలేదని కంపెనీయే ఒప్పుకుంది. జులైలో గుహలు చూసి వస్తామని వాళ్లు అనుమతి అడిగితే, పేలుడుకు ఏర్పాట్లు జరిగిపోతున్నాయన్న కబురు మే 15న తెలిసింది. అప్పటికే మందు నింపేశాం, తీస్తే ప్రమాదం అన్నారు.

వద్దు అనే హక్కు లేని చోట సంప్రదింపులంటే ఇంతే. పునరావాసం పేరుతో జరిగే గ్రామసభలను చూసినవాళ్లకు ఈ తంతు కొత్త కాదు.

పేలుడు తర్వాత కంపెనీ సీఈఓతో పాటు మరో ఇద్దరు పెద్ద అధికారులు పదవులు వదులుకోవాల్సి వచ్చింది. వాటాదార్ల ఒత్తిడి పనిచేసింది. రాష్ట్రం కొత్త చట్టం చేసింది, 2023 జులై 1న అమల్లోకి తెచ్చింది. రైతులు, భూస్వాములు గగ్గోలు పెట్టేసరికి ఆగస్టులోనే వెనక్కి తీసుకుంటామని ప్రకటించింది. మళ్లీ 1972 చట్టమే, కొన్ని సవరణలతో. ఆ సవరణల్లో పనికొచ్చేది ఒకటుంది: ఇప్పుడు ఆదిమవాసీ హక్కుదారులు కూడా మంత్రి నిర్ణయాన్ని సమీక్షించమని అడగొచ్చు. 2025లో పుటు కుంటి కుర్రమ, పినికుర ప్రజలు రియో టింటోతో సహ నిర్వహణ ఒప్పందం చేసుకున్నారు. గని ప్లాను గీసేటప్పటి నుంచే వాళ్లు కూర్చుంటారు. ఇది దక్కడానికి రెండు గుహలు పోవాల్సి వచ్చింది.

అదే దేశంలో ఉలూరు కథ వేరు. 1985 అక్టోబర్ 26న ఆ మహాశిలనూ చుట్టూ ఉన్న భూమినీ అనంగు ప్రజలకు పట్టా చేసి ఇచ్చారు. అయితే వెంటనే 99 ఏళ్ల లీజుకు ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలన్న షరతు మీద. ఊరికే ఇవ్వలేదన్నమాట. కానీ పార్కు నడిపే బోర్డులో మెజారిటీ అనంగులదే. ఆ రాయి మాకు పవిత్రం, ఎక్కొద్దని వాళ్లు సందర్శకులను దశాబ్దాల పాటు బతిమాలారు. చివరికి 2017లో బోర్డు తీర్మానం చేసింది, 2019 అక్టోబర్ 26న ఎక్కడం ఆగిపోయింది. భూమి చేతికొచ్చాక కూడా 34 ఏళ్లు.

బోర్డులో ఎన్ని కుర్చీలు ఎవరివన్న లెక్క మనకు దగ్గరి సంగతే. బుద్ధగయ మహాబోధి ఆలయం ప్రపంచ వారసత్వ స్థలం. దాన్ని నడిపేది 1949 నాటి బీహార్ చట్టం. కమిటీలో నలుగురు బౌద్ధులు, నలుగురు హిందువులు, పైన అధ్యక్షుడిగా జిల్లా కలెక్టర్. బుద్ధుడు జ్ఞానం పొందిన చోట బౌద్ధులకు మెజారిటీ లేదు. ఆ చట్టం రద్దు చేయాలని 2025లో నెలల తరబడి ధర్నా నడిచింది. దేశంలో బౌద్ధుల్లో అత్యధికులు దళితులే కాబట్టి ఆ వార్త ఏ పత్రికలో ఎంత కనిపించిందో పాఠకులకు చెప్పనక్కర్లేదు.

మన పురావస్తు చట్టం 1958 నాటిది. కేంద్రం రక్షణలో 3,600కు పైగా కట్టడాలు, స్థలాలు ఉన్నాయి. 2010 సవరణతో చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ. ఈ చట్టానికి స్థానికులు కనిపించేది ఆక్రమణదారులుగానే. 2011లో హంపీ బజారు మండపాల్లో కాపురం ఉంటున్న కుటుంబాలను అలాగే ఖాళీ చేయించారు. తవ్వకాల్లో పార పట్టిన కూలీల పేర్లు నివేదికల్లో ఉండవు. భాగస్వాములే వద్దంటారా అంటే అదీ కాదు. 2017లో వారసత్వ దత్తత పథకం వచ్చింది, ఏడాది తిరగకుండా ఎర్రకోట దాల్మియా భారత్ కంపెనీకి దత్తత వెళ్లింది. అలాంటి సంస్థలకు పెట్టిన పేరు 'స్మారక మిత్ర'. పక్కనే ఉన్న ఊరివాళ్లు మిత్రులు కాలేకపోయారు.

వేరే దారి మన చట్టాల్లోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్, ఆదివాసుల సాంస్కృతిక, ప్రకృతి వారసత్వానికి హాని జరగకుండా చూసే అధికారం గ్రామసభకు ఇచ్చింది. నియమగిరి విషయంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో ఆ అధికారాన్నే గుర్తించింది. 12 గ్రామసభలు జరిగితే 12 కూడా బాక్సైట్ గని వద్దన్నాయి, గని ఆగింది. డోంగ్రియా కోందులు తమ దేవుడి కొండకు రుజువుగా ఏ డీఎన్‌ఏ పరీక్షా చూపించలేదు. వద్దన్నారు, అంతే. అడవి చట్టంలో ఉన్న ఈ మాట పురావస్తు చట్టంలోకి ఎందుకు రాకూడదు?

ఈ ప్రశ్న ఇప్పుడు అడగడానికి కారణం ముడుమాల్. నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరాన ఉన్న ఆ ఊరి నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. బృహత్ శిలాయుగం నాటి ఈ రాళ్లను అక్కడివాళ్లు 'నిలువురాళ్ల తిమ్మప్ప' అంటారు. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. పురావస్తు శాఖ రాకముందు ఆ రాళ్లకు దిక్కు ఆ భక్తి. తాత్కాలిక జాబితా నుంచి అసలు జాబితాకు వెళ్లాలంటే నిర్వహణ ప్రణాళిక సమర్పించాలి. యునెస్కో 2019లో సవరించిన మార్గదర్శకాలు మూలవాసుల స్వేచ్ఛాపూర్వక ముందస్తు సమ్మతి ఉండాలంటున్నాయి. భారత ప్రభుత్వం మాత్రం ఈ దేశంలో అందరూ మూలవాసులేనని అంతర్జాతీయ వేదికల మీద ఎన్నో ఏళ్లుగా చెబుతోంది. అందరూ మూలవాసులైతే ప్రత్యేకంగా ఎవరి సమ్మతీ అక్కర్లేదు.

ముడుమాల్ ప్రజలు ఆ నిర్వచనంలోకి వస్తారా రారా అన్న చర్చలో పడితే కాలం గడిచిపోతుంది. రాళ్ల చుట్టూ కంచె ఎక్కడ వేస్తారు, ఎల్లమ్మకు బోనం తెచ్చేవాళ్లకు గేటు ఎప్పుడు తెరుస్తారు, టికెట్ డబ్బులో పంచాయతీకి వాటా ఎంత, పొలాల మీద ఆంక్షలు పెడితే ఆ రైతుల గతేమిటి, ప్రణాళిక ముసాయిదా తెలుగులో వస్తుందా, దాన్ని గ్రామసభ తిరస్కరించవచ్చా? ఇవి ఇప్పుడే అడగాలి. ప్రణాళిక ఢిల్లీ దాటి వెళ్లాక అడిగితే, మందు నింపేశాం అనే జవాబే వస్తుంది.