నాలుగంగుళాల గొప్ప

"మావయ్యా, జీపు కూలబడిపోయింది. లిఫ్టు చేయిద్దాం" అన్నాడు మా మేనల్లుడు.

కూలబడిపోయిందన్న మాట నిజం. దానికి మందు లిఫ్టు అన్నది అబద్ధం. ఈ రెండిటికీ మధ్య తేడా తెలుసుకోడానికి నాకు ఏడాది పట్టింది. కొంత డబ్బూ, మా అమ్మ దగ్గర కొంత పరువూ పోయాయి. అందుకే ఇది రాస్తున్నాను. పాత జీపులున్న మిత్రులకి కోపం వస్తే రానివ్వండి.

మాది మహీంద్రా సీజే-3బీ. నాన్న ప్రభుత్వ వేలంలో కొన్నాడు. చింతలపూడి అవతల మెట్టలో మా జీడిమామిడి తోటకీ ఇంటికీ మధ్య ఒక వాగుంది. ఆ వాగు దాటడమే ఈ బండి ఉద్యోగం. చూసినవాళ్లు ముందు దీని ఎత్తైన బానెట్ గురించే అడుగుతారు. అది సోకు కోసం పెట్టింది కాదు. 1953లో విల్లీస్ వాళ్లు ఈ మోడల్లో పాతదానికంటే ఎత్తైన ఇంజను దించారు. అది పట్టక బానెట్ లేపారు, అంతే. అవసరం వచ్చి పెరిగిన ఎత్తు అది. మనం ఇప్పుడు కొంటున్న ఎత్తు అలాంటిది కాదు.

బండి బరువంతా మోసేది కమాన్ కట్టలు. ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ బోల్టుతో బిగించిన ఉక్కు పట్టీలు. అవి వంగాలి, మళ్లీ లేవాలి. ముప్ఫై నలభై ఏళ్లు వంగాక లేవడం తగ్గుతుంది. మా జీపు ఓ పక్కకి ఒరిగి, గుంటలో పడ్డప్పుడల్లా ఇరుసు ఛాసిస్‌కి కొట్టుకునే స్థితికి వచ్చింది. మార్చాల్సిందే. ఏది వెయ్యాలన్నదే ప్రశ్న.

మావాడి మాట విని నాలుగంగుళాల లిఫ్టు కమాన్లు తెప్పించాను. అమ్మినాయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎన్నంగుళాలు కావాలి సార్?" బండి బరువెంత, అందులో ఎవరెక్కుతారు, ఏ దారిన పోతుంది, ఇవేవీ అడగలేదు. అప్పుడే అనుమానించాల్సింది. కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టే దర్జీ దగ్గరకి మనం రెండోసారి వెళ్తామా?

ఇక అసలు సంగతి. ఇలాంటి జీపులో నేలకి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఇరుసు నడుమ ఉన్న డిఫరెన్షియల్ గుండు. కమాన్ కట్ట ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఉంటుంది. కాబట్టి ఎంత ఎత్తు కమాన్ వేసినా లేచేది ఛాసిస్, దానిమీది మనుషులు. గుండు ఉన్నచోటే ఉంటుంది. నిన్న ఏ రాయికి తగిలిందో ఇవాళా ఆ రాయికే తగులుతుంది. ఇరుసుని పైకి లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. లిఫ్టు వల్ల బండి పొట్ట లేస్తుంది, గట్టు ఎక్కేటప్పుడు మూతి తగలదు, పెద్ద టైరుకి చోటు దొరుకుతుంది. నిజమే. రాళ్ల గుట్టలెక్కే పోటీలకి ఇవన్నీ కావాలి, ఆ పోటీలవాళ్లతో నాకు తగాదా లేదు. నా తగాదా ఫొటోలో బండి పొగరుగా కనబడాలని లిఫ్టు చేయించేవాళ్లతో. అందులో నేనూ ఒకణ్ణి.

రెండో సంగతి గట్టిదనం. "ఇంకో పట్టీ వేయించండి సార్, లారీలా నిలబడుతుంది" అంటారు. లారీలా నిలబడుతుంది, నిజమే, లారీలాగే కుదుపుతుంది కూడా. మిగతా కొలతలన్నీ అలాగే ఉంచి పట్టీల మందం పెంచితే గట్టిదనం మందం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది. ఆరు మిల్లీమీటర్ల పట్టీలు తీసి ఏడువి వేస్తే, మందం పెరిగింది ఆరో వంతే. గట్టిదనం పెరిగేది దాదాపు 60 శాతం. మాకొచ్చినవి తక్కువ పట్టీలు, మందం ఎక్కువ. ఖాళీ జీపు గుంటలో పడితే అవి వంగేవి కావు. మేమే ఎగిరేవాళ్లం. చక్రం నేలని వదిలేసేది. నాలుగు చక్రాలూ నేలని పట్టుకోవాలనే కదా ఈ బండి పుట్టింది!

మూడోది, ఈ జీపు పొట్టిది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 80 అంగుళాలే. వెనక ప్రొపెల్లర్ షాఫ్టు మరీ పొట్టి. బండిని నాలుగంగుళాలు లేపితే ఆ షాఫ్టు నిట్రంగా వాలుతుంది. రెండు నెలలు తిరక్కుండానే దాని క్రాస్ అరిగిపోయి టకటకమంది. బ్రేకు పైపులు బిగిసిపోయాయి. షాక్ అబ్జార్బర్లు పొడవు చాలలేదు. స్టీరింగు రాడ్డు వాలిపోయి, గుంటలో పడ్డప్పుడల్లా బండి తనకి నచ్చిన వైపు లాగేది. ఒక్క ఎత్తు కోసం ఇవన్నీ మార్చాలట. ఆ ముక్క డబ్బు కట్టాక చెప్పారు.

అన్నిటికంటే ముఖ్యమైనది అమ్మ సంగతి. ఆవిడకి డెబ్భై నాలుగు. ఇన్నేళ్లూ బానెట్ మీద చెయ్యేసి తనంతట తానే జీపెక్కేది. లిఫ్టయ్యాక పీట వెయ్యాల్సొచ్చింది. సరే, వేశాం. ఓ రోజు వాగు దాటి గట్టు వాలుగా ఎక్కుతున్నాం. రోజూ ఎక్కేదే. పైవైపు వెనక చక్రం నేల వదిలింది. జీపు ఒక్క క్షణం అటా ఇటా అన్నట్టు ఆగింది. అమ్మ చేతిలో క్యారేజీ వాగులో పడింది. మెల్లగా వెనక్కి దించాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. దిగి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, తోట దాకా నడిచింది. తర్వాత మూడు నెలలు ఆ జీపెక్కలేదు.

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్కేశాను. ఈ జీపు చక్రాల మధ్య వెడల్పు సుమారు నాలుగడుగులు. బరువు కేంద్రం నేలకి రెండడుగుల ఎత్తున ఉందనుకుంటే, నిలిపి ఉంచిన బండి 45 డిగ్రీల వాలు దాకా పడదు. ఆ కేంద్రం మూడంగుళాలు లేస్తే అది 42కి దిగుతుంది. మూడు డిగ్రీలేగా అనిపిస్తుంది. కానీ ఆ లెక్క కదలని, ఊగని బండికి. కదిలే బండికి అసలు అంత చోటే ఉండదు. ఉన్న కాస్తలోంచి మూడు డిగ్రీలు నేను గొప్పకి ఖర్చుపెట్టాను.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో కమాన్లు కట్టే ఓ పెద్ద మేస్త్రి దగ్గరకి పోయాను. ఆయన జీపు చుట్టూ తిరిగి, "పాత కమాన్లు పారేశారా?" అని అడిగాడు. లేదన్నాను. "ఈ బండికి ఎత్తు తక్కువెప్పుడైందండీ? ఉన్న ఎత్తు పోయింది. ముందు అది తెచ్చుకోండి" అన్నాడు.

నేను ఇంత పొడుగు రాసింది ఆ ఒక్క మాట చెప్పడానికే. కూలబడ్డ బండిని చూసి అది పుట్టుకతోనే పొట్టిదనుకుంటున్నాం. సరైన కొత్త కమాన్లు వేస్తే మా జీపు రెండంగుళాలు లేచింది. లిఫ్టు కాదది. కంపెనీ ఇచ్చిన ఎత్తే.

ఆయన చేయించిన పని చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. తోటకి మామూలుగా వెళ్లే మనుషుల్నీ సామాన్నీ ఎక్కించి వేబ్రిడ్జి మీదకి వెళ్లమన్నాడు. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఒకసారి తూకం. తీసేస్తే వెనక బరువు తెలుస్తుంది. ఆ రెండు అంకెల్ని బట్టి కమాన్ కట్టాలి, ఫొటోని బట్టి కాదు. మందంగా తక్కువ కాకుండా, సన్నగా ఎక్కువ పట్టీలు. పై పట్టీ విరిగినా ఇరుసు జారిపోకుండా రెండో పట్టీ కొస కూడా కన్ను చుట్టూ తిరగాలి. యూ బోల్టులు కొత్తవే, పాతవి సాగి ఉంటాయి.

"ఒరిజినల్" అంటూ చచ్చిన కమాన్లనే పూజించేవాళ్లకీ ఒక మాట. పాత పట్టీని చల్లగా ఉండగానే సుత్తితో కొట్టి వంపు తెప్పిస్తే మళ్లీ కూలబడుతుంది. కాల్చి వంచి, నూనెలో ముంచి, తిరిగి తగుమాత్రం వేడిచేస్తేనే ఆ వంపు నిలుస్తుంది. ఆ కొలిమి లేని చోట కొత్తవి కట్టించుకోవడమే మేలు.

చట్టం కూడా ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. కానీ నన్ను ఆపింది చట్టం కాదు, వాగు గట్టున దిగి నడిచిన మనిషి.

కాబట్టి లిఫ్టు కొనబోయే మిత్రులారా, ఎన్నంగుళాలని అడిగేవాడి దగ్గర కొనకండి. ఎవరెక్కుతారని అడిగేవాడి దగ్గర కొనండి. పీట ఇప్పుడు మా వసారాలో ఉంది. కరివేపాకు కోయడానికి వాడుతున్నాం.