కోటలోని కాపురములు

కోట యనగానే మనకు రాజులు, యుద్ధములు, శిథిలములు స్ఫురించును. ఉదయముననే పొయ్యి రాజవేయు ఇల్లాలు, పుస్తకముల సంచితో బడికి పోవు బాలుడు, వరిమడికి నీరు మళ్లించు రైతు స్ఫురింపరు. కాని ఓరుగల్లు కోటలో నేడును ఈ మువ్వురును కలరు. వరంగల్ రైల్వే స్టేషనుకు కొద్ది దూరమున, దక్షిణపు దిక్కుగా, నగరపు అంచున, కాకతీయుల ప్రాకారముల నడుమ ఖిలా వరంగల్ అను పేరుతో ఒక జనావాసము సజీవముగా నున్నది. ఒకప్పుడది రాజధానికి నడిబొడ్డు. నేడు నగరమునకు శివారు. చరిత్రలో ఇట్టి తారుమారులు వింత కాదు. కోటను కాపాడుటకై మనము చేసికొన్న చట్టమునకును, ఆ కోటలో కాపురముండు వారి బ్రదుకునకును పొత్తు కుదరకుండుటయే వింత. ఆ పొత్తు ఎట్లు కుదురునో విచారించుటయే ఇచ్చటి ఉద్దేశ్యము.

మొదట కోట స్వరూపము తెలిసికొనవలెను. 1199 మొదలు 1262 వరకు పాలించిన గణపతిదేవుడు రాతికోటను ఆరంభించెననియు, ఆయన కుమార్తె రుద్రమదేవి దాని ఎత్తు పెంచి పూర్తిచేసి, వెలుపల మట్టికోటను కట్టించెననియు చరిత్రకారులు చెప్పుదురు. రాతి ప్రాకారము ఇంచుమించు 1.2 కిలోమీటర్ల వ్యాసము గల వృత్తము. మట్టికోట వ్యాసము సుమారు 2.4 కిలోమీటర్లు. ఈ రెంటికిని దూరముగా, దాదాపు 12.5 కిలోమీటర్ల వ్యాసముతో మూడవ మట్టికట్ట యొకటి కలదు. రాతికోటకు నాలుగు దిక్కుల ద్వారములు. శత్రువుల వేగము తగ్గుటకై బాట తిన్నగా లోనికి పోక మలుపులు తిరుగును. నడుమ స్వయంభూ శివాలయపు శిథిలములు, వానికి నాలుగు వైపుల నాలుగు శిలా తోరణములు నిలిచియున్నవి. రెండు ప్రాకారముల నడుమ నేటికిని పంటపొలములు కలవు.

1323లో ఢిల్లీ సేనల ముట్టడితో ప్రతాపరుద్రుని రాజ్యము అంతరించెను. ఊరికి సుల్తాన్‌పూర్ అని క్రొత్త పేరు పెట్టిరి. ఏలికలు పలుమారులు మారిరి. కాని ఊరు నిలిచినది. నేటి కుటుంబములన్నియు కాకతీయుల కాలము నుండి వచ్చినవని ఎవ్వరును చెప్పజాలరు; చెప్పనక్కరయు లేదు. ఈ నేల జనులు నివసించుటకై ఏర్పడినదన్న మాట ముఖ్యము. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామము చదివిన విద్యార్థులకు ఈ సంగతి తెలియును. ఇద్దరు మిత్రులు ఒక దినము ఓరుగల్లు వీధులలో తిరుగుట అందలి వస్తువు. అందు రాజసభ కంటె వీధియే ప్రధానము. పూటకూళ్ల ఇల్లు, ఆటపాటలు, పలు వృత్తులవారు అందు కానవత్తురు. మన సాహిత్యము ఓరుగల్లును కోటగా కంటె ఊరుగానే ఎక్కువ చూచినది.

మన చట్టము మరియొక విధముగా చూచుచున్నది. పురాతన కట్టడముల రక్షణకై పార్లమెంటు 1958లో చట్టము చేసెను. 1992 జూన్ 16 నాటి ప్రకటనచే రక్షిత కట్టడపు హద్దు నుండి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతమనియు, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమనియు ఏర్పరచిరి. 2010లో ఈ కొలతలను చట్టములోనే చేర్చిరి. నిషిద్ధ ప్రాంతమున క్రొత్త నిర్మాణము కూడదు. 1992కు ముందే యున్న ఇంటిని అనుమతితో మరమ్మతు చేసికొనవచ్చును. నియంత్రిత ప్రాంతమున కట్టుటకు అనుమతి కోరవలెను. అతిక్రమించిన యెడల రెండేండ్ల వరకు కారాగారము, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును.

ఈ కొలతలు ఖిలా వరంగల్‌లో ఎట్లు పడునో గణితోపాధ్యాయులు తరగతిలో లెక్కగా ఇయ్యవచ్చును. 600 మీటర్ల వ్యాసార్ధముతో ఒక వృత్తము గీయుడు, అది రాతికోట. దాని నుండి లోపలికి 100 మీటర్లు కొలిచి ఒక వృత్తమును, 300 మీటర్లు కొలిచి మరియొక వృత్తమును గీయుడు. మొదటి పట్టీలో కోటలోపలి నేలయందు సుమారు 30 శాతము పడును, అది నిషిద్ధము. నియంత్రిత పట్టీని కూడ చేర్చినచో మొత్తము 75 శాతమగును. ఇక మిగిలినది నడుమనున్న 25 శాతము. అచ్చట తోరణములు కలవు గనుక వాని చుట్టును మరల 100, 300 మీటర్లు కొలువవలెను. అప్పుడు మిగులునది శూన్యము. నేలమీది హద్దులు కాగితము మీది వృత్తములంత గుండ్రముగా నుండవు. అయినను ఫలితమున పెద్ద భేదముండదు. ఒంటరిగా నున్న గుడికిగాని సమాధికిగాని సరిపోవు కొలత, ఊరినే తనలో ఇముడ్చుకొన్న కోటకు వచ్చునప్పటికి ఊరినంతటిని కప్పివేయుచున్నది.

దీని ఫలము గోడలకంటె కుటుంబములకు ముందుగా తగులును. ఇద్దరు కుమారులున్న ఇంట రెండవవానికి పెండ్లి కాగానే ఒక గది కావలెను. ప్రాకారమునకు దగ్గరనున్న ఇంటిపై ఆ గది వేయుటకు వీలు లేదు. పాతయిల్లు 1992కు ముందుదని చూపుటకు కాగితము కావలెను. తాతల నాటి మట్టియింటికి కాగితము ఎక్కడిది? కొందరు ఊరు విడిచి నగరములోనికి అద్దెకు పోవుదురు. కొందరు రాత్రికి రాత్రి గోడ లేపుదురు. మొదటివారి వలన ఊరు బోసిపోవును. రెండవవారి వలన కోట చెడును. చట్టమును మన్నించువాడు నష్టపోయి, మన్నింపనివాడు లాభపడుచున్నచో, ఆ చట్టము తన ఉద్దేశ్యమును తానే చెరుపుకొనుచున్నదనవలెను.

ఇంతమాత్రమున చట్టము అక్కరలేదనుట పొరపాటు. మట్టికోటను అక్కడక్కడ తొలిచి ఇండ్ల స్థలములు చేసికొనుటయు, కందకములు పూడిపోవుటయు కన్నులయెదుట జరిగిన సంగతులే. రాతిగోడ బలము అందరికిని కనబడును. మట్టికట్ట గొప్పతనము కనబడదు. దానిని చూచి వట్టి మట్టిదిబ్బ యనుకొనువారు కలరు. ఆ మట్టియే ఫిరంగులకు ముందు కాలమున నగరమును కాచిన ప్రథమ కవచము. అది ఒకసారి చదునైనచో మరల పుట్టదు. ఇల్లు కావలసినవాని ఆవశ్యకత వేరు, స్థలములు చేసి అమ్ముకొనువాని ఆశ వేరు. ఈ రెంటిని ఒకే తప్పుగా లెక్కించుట వలననే అసలు దోషి తప్పించుకొనుచున్నాడు.

ఇతర ప్రాంతముల అనుభవము మనకు రెండు త్రోవలు చూపుచున్నది. హంపి 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. 2011 జూలైలో అచ్చటి విరూపాక్షాలయము ముందటి బజారు వీధిలో నివసించుచు, అంగళ్లు నడుపుకొనుచున్నవారిని తొలగించిరి. మండపములు బయటపడినవి, కాని బజారులో బజారు లేకపోయినది. ఇక రాజస్థానములోని జైసల్మేరు కోట. అచ్చట నేటికిని ప్రజలు కోటలోపలనే నివసించుచున్నారు. కొళాయి నీరు వచ్చిన తరువాత ఇండ్ల నుండి వాడుకనీరు నేలలోనికి ఇంకి, కోటకొండ పునాదిని మెత్తబరచినది. అక్కడి ముప్పు మనుష్యుల వలన కాదు, మురుగుకాలువలు సరిగా లేనందువలన వచ్చినది. దానికి విరుగుడు కాలువలు బాగుచేయుటయే. అయినను జైసల్మేరు 2013లో రాజస్థాన గిరిదుర్గములతో పాటు ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినది. కోటలో జనులుండుట గౌరవమునకు అడ్డు రాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

మన ప్రభుత్వములు ఏమియు చేయలేదనరాదు. 2015లో కేంద్రము ప్రారంభించిన హృదయ్ పథకమునకు ఎన్నికైన 12 నగరములలో వరంగల్, అమరావతి రెండును ఉండెను. ఆ పథకము 2019లో ముగిసినది. చట్టమును సడలింపవలెనన్న బిల్లును 2018 జనవరిలో లోక్‌సభ ఆమోదించెను. దాని ఉద్దేశ్యము నిషిద్ధ ప్రాంతములలో కేంద్ర ప్రభుత్వపు ప్రజోపయోగ నిర్మాణములకు త్రోవ చేయుట. రాజ్యసభలో అది సెలక్టు కమిటీకి పోయి, చట్టము కాకుండనే ముగిసినది. అందు రహదారికి చోటు కలదు. రెండవ కుమారుని గదికి చోటు లేదు. 2014లో ఏర్పడిన తెలంగాణము తన అధికార చిహ్నములో కాకతీయ తోరణమును నిలుపుకొన్నది. 2024 మే నెలలో ఆ చిహ్నమును మార్చు ప్రతిపాదన వచ్చినప్పుడు రాష్ట్రమంతట వాదోపవాదములు చెలరేగినవి. తోరణముపై మనకున్న అభిమానము అందువలన తెలిసినది. ఆ అభిమానములో కొంత తోరణము ప్రక్కనున్న ఇండ్లవారికిని అందవలెను గదా!

ఏమి చేయవచ్చును? మొదటి మార్గము చట్టములోనే కలదు. ప్రతి రక్షిత కట్టడమునకును దాని పరిసరములకు తగిన ప్రత్యేక నియమావళిని రచింపవలెనని 2010 సవరణ చెప్పుచున్నది. ఖిలా వరంగల్ నియమావళి ఇంటి ఎత్తును, గోడ నుండి దూరమును, తోరణము కనబడు చూపును లెక్కించి, ఏ వీధిలో ఎంతవరకు కట్టవచ్చునో చెప్పునట్లుండవలెను. అది తెలుగున, ఉర్దూలో అచ్చయి, కోటలోని వారి సభలో చదువబడవలెను. నిషిద్ధ పట్టీలోని కొలతను మార్చుటకు మాత్రము పార్లమెంటే పూనుకొనవలెను. జనావాసములున్న కోటలకు వేరు సూత్రము కావలెనని అడుగుట అన్యాయపు కోరిక కాదు.

రెండవది, మురుగుకాలువలు, త్రాగునీరు, విద్యుత్తు. వీనిని చట్టము 'నిర్మాణము' అను నిర్వచనము నుండియే తప్పించినది. కావున ప్రజలకై చేయు ఈ పనులకు చట్టము అడ్డని చెప్పుట సరికాదు. జైసల్మేరు పాఠము విన్నవారు మొదట చేయవలసిన పని ఇదియే. మూడవది, నష్టపరిహారము. రోడ్డు వెడల్పునకై స్థలము పోగొట్టుకొన్నవానికి, ఆ కట్టుబడి హక్కును మరియొక చోట వాడుకొనుటకుగాని అమ్ముకొనుటకుగాని పత్రమిచ్చు పద్ధతి మన నగరములలో కలదు. రోడ్డుకొరకు త్యాగము చేసినవానికి దక్కునది కోటకొరకు త్యాగము చేసినవానికి ఏల దక్కరాదు?

ఈ ఉపకారములకు బదులుగా ప్రజలు అంగీకరింపవలసినది ఒకటి కలదు. మట్టికోట, కందకముల హద్దులను రాళ్లు పాతి గుర్తింపవలెను. ఆ హద్దు దాటినవాడు ఎంతటివాడైనను మన్నింపరాదు. లోపల ఉదారము, ప్రాకారముపై కాఠిన్యము - ఈ ఒడంబడిక కుదిరినచో వేయి పలకలకంటె ఊరిజనమే కోటకు మేలైన కావలి యగును. కట్టను త్రవ్వువానిని మొదట చూచునది వారే. నేడు చూచియు చెప్పరు. చెప్పినచో అధికారి తమ ఇంటి గోడను కూడ కొలుచునని వారి భయము.

ఉపాధ్యాయులు విద్యార్థులను తోరణములు చూపుటకై వరంగల్ తీసికొనిపోవుచుందురు. ఈసారి తోరణముల వద్దనే ఆగిపోక, మలుపులు తిరుగు ద్వారము గుండ లోని వీధులలోనికి నడిపింతురు గాక. 'ఇచ్చట రుద్రమదేవి ఏమి కట్టించెను?' అను ప్రశ్నతో పాటు, 'ఇచ్చట నివసించువారు ఏమి కట్టుకొనవచ్చును?' అను ప్రశ్నయు వేయింతురు గాక. మొదటిది చరిత్ర పాఠము, రెండవది పౌరశాస్త్ర పాఠము. చట్టసభలో రేపు కూర్చుండబోవు వారు నేడు ఆ తరగతులలోనే కూర్చుని యున్నారు.