గీత వేరు, తీగ వేరు

కంప్యూటరు తెర మీద విద్యుత్ వలయచిత్రం గీయడం నేర్చుకునేవారికి మొదటిరోజే రెండు పనిముట్లు ఎదురవుతాయి. ఒకటి గీత గీస్తుంది, రెండవది తీగ లాగుతుంది. తెర మీద రెండూ సన్నని రేఖలే. రంగులో కొద్దిపాటి తేడా తప్ప వాటి మధ్య మరో భేదం కంటికి ఆనదు. కాని గీత కేవలం అలంకారం. బొమ్మ చుట్టూ అంచు కట్టుకోవడానికి పనికివస్తుంది. దానితో రెండు భాగాలను ఎంత చక్కగా కలిపినా, యంత్రం దృష్టిలో అవి ఒకదానికొకటి ఏమీ కావు. తీగకే సంబంధం కలిపే అధికారం ఉంది. ఇటువంటి పాఠాలను తెలుగు చేసేటప్పుడు గీత, తీగ అనే రెండు మాటలు పక్కపక్కనే సిద్ధంగా దొరకడం అనువాదకులకు అరుదైన అదృష్టం.

ఢిల్లీ పొరుగున ఉన్న నోయిడా, గ్రేటర్ నోయిడాలలో ఎందరికో ఈ విద్య జీవనాధారం. వలయ రూపకల్పనకు సాధనాలు తయారుచేసే కేడెన్స్ సంస్థ 1987లోనే నోయిడాకు వచ్చింది. 1985లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పుట్టిన ఆర్‌క్యాడ్ 1999లో ఈ సంస్థ చేతికే వచ్చింది. డబ్బు పెట్టలేని విద్యార్థికి కీక్యాడ్ ఉచితంగా దొరుకుతుంది. ఫ్రాన్సులో జాన్ పియేర్ షారాస్ 1992లో దానికి శ్రీకారం చుట్టారు. ఎర్రకోట ఎదుట లజపతిరాయ్ మార్కెట్టులో విడిభాగాలు బేరమాడే కుర్రవాడూ, నోయిడా అద్దాల మేడలో కూర్చున్న ఇంజనీరూ ఒకే రకమైన చిక్కులో పడగలరు: కంటికి కలిసినట్టు కనిపించినది, కలవకపోవడం.

మొదటి చిక్కు చుక్క. రెండు తీగలు ఒకదానినొకటి అడ్డంగా దాటినప్పుడు ఆ కూడలిలో చుక్క ఉంటే అవి కలిసినట్టు, లేకుంటే కేవలం దాటిపోయినట్టు. మన మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకుండా చుట్టి వెళుతుంది. ఇక్కడ గీతలు కలిసినచోటనే చుక్క పుడుతుంది. చేతితో గీసే రోజులలో కలవని తీగను చిన్న వంతెనలా వంచి దాటించేవారు. నాలుగు తీగలు ఒకేచోట చుక్కతో కలవడం మంచిది కాదని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. నకలు తీసేటప్పుడు చుక్క చెరిగిపోవచ్చు. ఎక్కడినుంచో సిరా మరక వచ్చి కొత్త చుక్కగా వెలియవచ్చు. అందుచేత ఒక తీగను కొంచెం పక్కకు జరిపి, రెండు వేర్వేరు చోట్ల మూడేసి దారుల కూడళ్ళుగా గీస్తారు. అప్పుడు చుక్క చెరిగినా అర్థం చెరగదు.

రెండవ చిక్కు ఇంతకన్నా సూక్ష్మం. తెర వెనుక చదరంగపు బల్లవంటి గళ్ళు ఉంటాయి. కీక్యాడ్‌లో ఆ గడి కొలత మామూలుగా 1.27 మిల్లీమీటర్లు. భాగం కాలు గళ్ళ మూల మీద లేకుండా వెంట్రుకవాసి పక్కకు జరిగితే, తీగ దాని దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. చూసేవారికి తాకినట్టే ఉంటుంది. అందుకే ఇటువంటి సాధనాలు కలవని కాలి కొసన ఒక బుల్లి గుర్తు ఉంచి, తీగ తగలగానే దాన్ని తొలగిస్తాయి. ఆ గుర్తు మాయమైందా లేదా అన్నది చూడడం పెద్దగా శ్రమలేని అలవాటు.

ఇక అసలు విశేషం, తీగే లేని సంబంధం. పెద్ద చిత్రంలో ప్రతి తీగనూ కొసదాకా లాగితే అది సాలెగూడవుతుంది. కనుక తీగ ముక్కకు ఒక పేరు తగిలించి వదిలేస్తారు. అదే పేరుగల మరో ముక్క ఎక్కడున్నా రెండూ ఒకటే. నెల్లూరులో ఒకరు, ఢిల్లీలో ఒకరు ఒకే ఇంటిపేరు చెప్పుకున్నంత మాత్రాన చుట్టాలని మనం అనుకోము; గోత్రం కూడా అడుగుతాము. యంత్రానికి ఆ సందేహం లేదు. పేరు కలిస్తే చుట్టరికమే. ఒక అక్షరం తేడా వస్తే పరాయివారే. ఎనిమిది తీగలకు బదులు గీసే లావుపాటి రేఖ సైతం తనంతట తాను దేన్నీ కలపదు. దానినుంచి విడివడే ఒక్కొక్క తీగ మీది పేరే కలుపుతుంది. ఇలా కలిసిన సమూహాన్ని ఇంజనీర్లు నెట్ అంటారు. వల అందామంటే చేపలు గుర్తుకు వస్తాయి. నెట్ అనే ఉంచడం మేలు.

నోయిడాలో ఒక చిన్న సంస్థలో పనిచేసే గుంటూరు యువకుడు తనకు ఎదురైన సంగతి చెప్పాడు. అతడు వాడిన పాత చిప్పుల బొమ్మలలో విద్యుత్ సరఫరా కాళ్ళు చిత్రంలో కనబడవు. తెర వెనుక అవి వి.సి.సి. అనే పేరుకు కట్టుబడి ఉంటాయి. అతడు తన సరఫరాకు ఐదు వోల్టులు అని వేరే పేరు పెట్టాడు. బొమ్మ ముచ్చటగా ఉంది. చూసినవారెవరూ తప్పు పట్టలేదు. బోర్డులు అచ్చయి వచ్చాయి, భాగాలన్నీ అతికారు, ఒక్కటీ మేలుకోలేదు. చిప్పులకు కరెంటే అందలేదు! సన్నని తీగలు చేతితో అతికి కొన్నింటిని బతికించుకున్నారు.

యంత్రం హెచ్చరించలేదా అని అడిగాను. హెచ్చరించిందట, మరో ముప్ఫై హెచ్చరికల మధ్య. ఈ తనిఖీ ఉపకారమే: ఒంటరిగా మిగిలిన కాలిని, పరస్పరం పోట్లాడే రెండు ఉత్పాదకాలను అది పట్టిస్తుంది. కావాలని వదిలేసిన కాలికి ఇంటూ గుర్తు పెడితే దాని జోలికి రాదు. ఆ గుర్తు పెట్టే ఓపిక లేక అనవసరపు హెచ్చరికలను పేరనిచ్చినవారికి, అవసరమైనది వాటిలోనే కలిసిపోతుంది. మనిషి మనసులో ఏది దేనితో కలవాలనుకున్నాడో యంత్రానికి తెలియదు. కలవకూడనివి కలిసినా, ఆ కలయిక సక్రమంగా ఉంటే ఊరుకుంటుంది.

చిత్రం పూర్తయ్యాక యంత్రం దాన్ని ఒక జాబితాగా మార్చుకుంటుంది. అందులో వంపులు, పొడవులు, అందచందాలు ఏవీ ఉండవు. ప్రతి నెట్ పేరూ, దాని కింద కలిసిన కాళ్ళ సంఖ్యలూ మాత్రమే. నన్నడిగితే ఇదీ అనువాదమే, మూలంలోని అలంకారాలన్నీ వదిలి అర్థాన్ని మాత్రమే తెచ్చుకున్న అనువాదం. బోర్డు తయారయ్యేది ఈ జాబితానుబట్టే. ఆ యువకుడు ఇప్పుడు బోర్డును అచ్చుకు పంపే ముందు జాబితాను కాగితం మీద అచ్చువేసి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని పైకి చదివిస్తాడు. ఒకరు పేరు చదువుతారు, రెండవవారు చిత్రంలో వేలు పెట్టి చూపుతారు. సరఫరా పేర్లతో మొదలుపెడతారు.